మాడిఫై చేసిన సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనాలా వద్దా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎలా తేల్చుకోవాలి

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, ఫియట్ అబార్త్ పుంటో లాంటి బండ్లు షోరూమ్‌లో కొత్తవి దొరికే రోజులు పోయాయి. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది. ఫియట్ అంతకు ముందే ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది. అందుకే ఇలాంటివి ఇష్టపడేవాళ్లకు సెకండ్ హ్యాండ్ ఒక్కటే దారి. వెతకడం మొదలుపెట్టాక ఇంకో సంగతి తెలుస్తుంది: వీటిలో కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న బండి దొరకడం కష్టం. ఒకరు ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చడం) చేయించి ఉంటారు, ఒకరు స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించి ఉంటారు, ఇంకొకరు అసలు సైలెన్సర్ పీకేసి వీధంతా వినిపించేది బిగించి ఉంటారు.

అలాంటిది కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. బాగా చేయించిన బండి నడుపుతుంటే కలిగే సంతోషం నిజమైనదే. కానీ ఆ బండిని తిరిగి కంపెనీ కండిషన్‌కు తేవడానికి ఎంత ఖర్చవుతుందో తేలాకే ధర మాట్లాడాలి. ఆ లెక్క తేలకపోతే బండిని వదిలేయాలి. కింద చెప్పే పనులన్నీ ఆ లెక్క తేల్చుకోవడానికే.

1. బండి చూడకముందే ఇంట్లో తేల్చుకోండి

ఇంట్లో ఇదొక్కటే కారు అవుతుందా, ఇంకోటి ఉందా? అర్ధరాత్రి నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే తీసే బండి ఇదే అయితే, మాడిఫై చేసిన కారు వైపు వెళ్లకండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను.

తర్వాత మెకానిక్. టర్బో ఇంజిన్ ట్యూనింగ్ తెలిసి, కంపెనీ స్థాయి స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) పెట్టి చూడగలిగిన మనిషి కోసం మనవాళ్లు చివరికి విశాఖకే వెళ్తారు. విజయనగరం నుంచి అది 50, 60 కి.మీ. శ్రీకాకుళం నుంచి 100 కి.మీ. పైనే. పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఇంకా దూరం. మీ ఊరి నుంచి విశాఖకు టోయింగ్ బండి కిరాయి ఎంతో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి ఏడాది ఖర్చులో అలాంటి కిరాయి రెండుసార్లు కలుపుకోండి. అవసరం పడకపోతే ఆ డబ్బు మీదే.

ఎత్తు కూడా ఇప్పుడే ఆలోచించాలి. అబార్త్ పుంటోకు కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే, అంటే నేల నుంచి బండి కింది భాగం దాకా ఉండే ఎత్తే, 155 మి.మీ. దానికి లోయరింగ్ స్ప్రింగులు వేసి 30, 40 మి.మీ. దించితే మిగిలేది 120 చుట్టుపక్కల. హైవే మీద హాయిగానే ఉంటుంది. హైవే దిగి ఊళ్లోకి మలుపు తిరగ్గానే పంచాయతీ వాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్ ఎదురవుతుంది. నలుగురు ఎక్కితే బండి కింద భాగం తగలకుండా దాన్ని దాటలేరు. మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న దారిని ఒకసారి ఆ దృష్టితో చూసి రండి.

పెట్రోలు సంగతి చాలామందికి గుర్తురాదు. స్టేజ్ 1, అంటే మొదటి స్థాయి రీమ్యాప్ చేసిన చాలా బండ్లకు 95 ఆక్టేన్ పెట్రోలు పోయమని చెబుతారు. ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ 95 లాంటివి మీరు రోజూ వెళ్లే దారిలో ఏ బంకులో ఎప్పుడూ ఉంటాయో చూసుకోండి. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే మామూలు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. 2023కు ముందు వచ్చిన బండ్లలో ఎక్కువ భాగం దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. ఎప్పుడో వేసిన రీమ్యాప్ ఏ పెట్రోలుకు సరిపోయేలా వేశారో అడగాల్సిన అవసరం అందుకే.

2. కాగితాలు: ఫోటోల కంటే ముందు ఆర్‌సీ నంబరు అడగండి

నంబరు ఇవ్వని అమ్మకందారుతో మాటలు అక్కడే ఆపేయండి. నంబరు దొరికాక ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే మోడల్, ఇంధనం, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఎన్నో యజమాని, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తాయి. ఈ-చలాన్లు కూడా చూడండి. కట్టని జరిమానాల మొత్తం తెలియడం ఒక లాభం. ఓవర్ స్పీడ్ చలాన్లు వరసగా ఉంటే ఆ ఇంజిన్‌ను ఎలా వాడారో కూడా తెలిసిపోతుంది. "ఇంట్లో మా మావయ్య నడిపేవారు, 60 దాటేవారు కాదు" అనే మాటకు అదే జవాబు.

నంబరు ఏ రాష్ట్రానిదో జాగ్రత్తగా చూడండి. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఏపీ 09, ఏపీ 28 కనిపిస్తే మన రాష్ట్రం బండే అనుకోకండి. అవి ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్, రంగారెడ్డి కోడ్లు, ఆ ఫైలు ఇప్పుడు తెలంగాణలో ఉంటుంది. తెలంగాణ, కర్ణాటక, ఒడిశా... ఏ పక్క రాష్ట్రం బండైనా అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, అంటే ఫారం 28. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి అసలు ధర, వయసు చూసి ఆ పన్ను వేస్తారు కాబట్టి ఖరీదైన స్పోర్ట్స్ కారుకు అది చిన్న మొత్తం కాదు. బేరం మొదలుపెట్టక ముందే ఆర్‌టీఓ ఆఫీసులో ఆ అంకె కనుక్కోండి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కదా, ఓడీ నంబరుతోనే తిప్పుకుందాం అనే సలహా మన దగ్గర బాగా వినిపిస్తుంది. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందేనని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది.

ఢిల్లీ నంబరు డీజిల్ బండ్లు తక్కువ ధరకు రావడానికి కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు పెట్టారు. ధర చూసి మురిసిపోకుండా ముందు ఎన్‌ఓసీ చేతికి తీసుకోండి.

ఫైనాన్స్ తీరిందని నోటితో చెబితే చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ తీయించే ఫారం 35 కళ్లతో చూడాలి. పాత ఇన్సూరెన్స్ పాలసీలు కూడా అడిగి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడండి. ఐదేళ్లు ఒకే యజమాని దగ్గర ఉన్న బండికి బోనస్ సున్నా ఉంటే ఈమధ్యే క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. దేనికి జరిగిందో అడగండి.

3. ఏయే మార్పులు చట్టం ముందు నిలబడతాయి

చాలామంది దాటవేసే భాగం ఇదే, తర్వాత ఇరుక్కునేది కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బండి మీ పేరు మీదికి వచ్చాక రోడ్డు మీద ఆపితే సమాధానం చెప్పాల్సింది మీరే.

అదే సైజు టైర్లు వేరే కంపెనీవి వేయడం, అదే మోడల్‌లో పై వేరియంట్‌కు వచ్చే అల్లాయ్ వీల్స్ పెట్టడం, స్పీకర్లు, సీటు కవర్లు మార్చడం... వీటితో ఇబ్బంది ఉండదు. ఆర్‌సీలో తెలుపు అని ఉండి బండి నల్లగా ఉంటే, పెయింట్ అయినా స్టిక్కర్ చుట్టినా సరే, ట్రాన్స్‌ఫర్ అప్పుడే ఆగిపోవచ్చు. ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లోనే ఆదేశాలిచ్చింది. ఫిల్మ్ పీకేస్తే ఆ సమస్య అక్కడితో తీరిపోతుంది.

నేను భయపడేవి వేరే. వేరే ఇంజిన్ దించిన బండి అయితే ఆర్‌సీలోని ఇంజిన్ నంబరుతో సరిపోల్చండి. తేడా ఉంటే ఇంక మాట్లాడొద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) తీసేసిన బండి పొల్యూషన్ సర్టిఫికెట్‌కు నిజాయితీగా పరీక్ష పెడితే నిలబడదు. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఎయిర్ బ్యాగ్ ఉన్న స్టీరింగ్ తీసి చిన్న రేసింగ్ స్టీరింగ్ పెట్టిన బండి చట్టం సంగతి అటుంచి, ప్రాణానికే ప్రమాదం. ఎయిర్ బ్యాగ్ మళ్లీ కొత్తది పెట్టించే ఖర్చు విన్నాక చాలామంది బేరం వదులుకుంటారు, వదులుకోవాలి కూడా.

రిజిస్ట్రేషన్ చేసి 15 ఏళ్లు నిండబోయే బండి అయితే మరొకటి గుర్తుంచుకోండి. రెన్యువల్‌కు బండిని చూపించాలి. ఆ రోజుకు అన్నీ కంపెనీవి పెట్టి తీసుకెళ్లాల్సిందే.

4. అమ్మే మనిషితో మాట్లాడటం

కౌలుకు తీసుకునే పొలం గురించి గట్టు పక్క రైతును అడిగినట్టే, బండి గురించి దాన్ని చూసుకున్న మెకానిక్‌ను అడగాలి. రీమ్యాప్ ఎవరు వేశారు, ఏ సంవత్సరం, అప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, డైనో రిపోర్టు (ఇంజిన్ పవర్ కొలిచి ఇచ్చే కాగితం) ఉందా, కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ ఫైలు తిరిగి వేయడానికి వాళ్ల దగ్గర ఉందా? పేరున్న చోట చేయించినవాడు ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు, బిల్లులు కూడా చూపిస్తాడు. "ఫ్రెండ్ వేశాడు బ్రో" అనే జవాబు వస్తే ఆ రీమ్యాప్‌ను తీసేయించే ఖర్చు లెక్కలో రాసుకోండి.

తీసేసిన కంపెనీ సామాన్లు ఎక్కడున్నాయని తప్పకుండా అడగండి. అసలు స్ప్రింగులు, షాకబ్జర్లు, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ బాక్స్, స్టీరింగ్... ఇవి జాగ్రత్తగా దాచుకున్న మనిషి బండిని కూడా జాగ్రత్తగానే చూసుకుని ఉంటాడు. అబార్త్ లాంటి బండికైతే ఇవి ఇప్పుడు బయట దొరకడమే గగనం. కాబట్టి వీటి విలువ బండికి తగిలించిన కొత్త సామాను కంటే ఎక్కువని నా లెక్క.

5. పొద్దున్నే వెళ్లి, ఇంజిన్ చల్లగా ఉండగా చూడండి

ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు వచ్చే శబ్దం, పొగ మళ్లీ కనిపించవు. నీలిరంగు పొగ అంటే ఆయిల్ కాలుతోంది, టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) పోయి ఉండవచ్చు. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలంట్ లోపలికి వెళ్తోంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువ పడుతోందని చెబుతుంది, రీమ్యాప్ సరిగా లేనప్పుడు ఇది మామూలే.

తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగ్ లైటు, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేశారన్నమాట.

టైర్ల లోపలి అంచు చేత్తో తడిమి చూడండి. దించిన బండ్లలో బయట బాగున్న టైరు లోపలి వైపు తీగలు తేలే దాకా అరిగి ఉంటుంది. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. బోనెట్ కింద వైర్లు చూడండి. కంపెనీ వైరింగ్‌కు చుట్టూ శుభ్రంగా టేపు ఉంటుంది. మధ్యలో కోసి మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టిన చోట్లు కనిపిస్తే, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం దగ్గర్నుంచి మంటలు రావడం దాకా ఏదైనా జరగొచ్చు. లప్పం పెట్టిన చోటు తెలుసుకోవాలంటే పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్న టింకరింగ్ మనిషిని తీసుకెళ్లండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటితే కింద లప్పం ఉన్నట్టే.

మన ప్రాంతంలో నీటి సంగతి తప్పక చూడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన జిల్లాల మీదే విరుచుకుపడ్డాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. 2015, 2023 డిసెంబర్లలో చెన్నైలోనూ అదే జరిగింది. అలా మునిగిన బండ్లు కడిగి, పాలిష్ చేసి వేరే జిల్లాలకు చేరతాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, బురద మరక ఉంటే అక్కడే కనిపిస్తుంది. సీటు కింది పట్టాల తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంత, కార్పెట్ కింద వాసన, డాష్‌బోర్డు కింద వైరు కనెక్టర్ల మీద పచ్చటి చిలుము చూడండి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతంలో ఉన్న బండి అయితే కింద తుప్పు విడిగా వెతకాలి.

6. నడిపి చూడటం

కనీసం 30, 40 కి.మీ. నడపండి. కొంత ఊళ్లో, కొంత హైవేలో. శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్ల ట్రాఫిక్‌లో ఏసీ వేసి నెమ్మదిగా తిప్పి, ఆ తర్వాత ఎన్‌హెచ్-16 మీద ఎచ్చెర్ల వైపు వెళ్లి రండి. విజయనగరంలో గంటస్తంభం, కోట జంక్షన్ల దగ్గర తిరిగితే చాలు, టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉంటుందో లేదో తెలిసిపోతుంది. ఈ బండ్ల దమ్ము చూపిస్తానని అమ్మే కుర్రాడు తానే నడుపుతానంటే ఒప్పుకోకండి. ఆ రోడ్డు మీద ట్రాక్టర్లు, ఆవులు, బడి పిల్లలు కూడా ఉంటారు.

మాన్యువల్ గేర్లయితే నాలుగో గేరులో 50, 60 కి.మీ. వేగంలో, ముందు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగబాకి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పవర్ పెంచిన బండ్లలో మొదట పోయేది అదే.

పోలో జీటీ టీఎస్‌ఐ 1.2లో ఉన్న ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) పేరు డీక్యూ 200. అది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) వరకు తట్టుకునేలా రూపొందించిన డ్రై క్లచ్ గేర్‌బాక్స్. కంపెనీ ఇంజిన్ ఇచ్చేది 175. రీమ్యాప్ తర్వాత డైనో కాగితం మీద 250 దగ్గరికి వచ్చిన అంకె చూసి అమ్మేవాడు గర్వపడతాడు. మీరు మాత్రం గేర్‌బాక్స్ గురించి ఆలోచించాలి. నిలబెట్టి నెమ్మదిగా కదిలించినప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకు కుదుపు వస్తోందా, రివర్స్ ఆలస్యంగా పడుతోందా చూడండి. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్షల్లో మాట్లాడుకోవాలి.

7. లిఫ్ట్ మీద, స్కానర్‌తో

ఇది లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. విశాఖలో ఆ బ్రాండ్ తెలిసిన వర్క్‌షాప్‌కు బండి తీసుకెళ్లి పరీక్ష చేయించండి. ఫీజు మీరే పెట్టుకోండి, అప్పుడు మెకానిక్ మీ తరఫున మాట్లాడతాడు. లోపాల కోడ్లు చెరిపేసి తెచ్చిన బండిలో లోపాలు కనిపించవు, కానీ రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తుంది. ఆ మాట మెకానిక్‌తో ప్రత్యేకంగా చెప్పి చూపించమనండి. సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించండి. ఒకదానికొకటి 10 శాతానికి మించి తేడా ఉంటే ఇంజిన్ విప్పే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. లిఫ్ట్ ఎత్తాక ఛాసిస్ మీద వెల్డింగ్ గుర్తులు, సంప్ (ఇంజిన్ ఆయిల్ ఉండే గిన్నె) మీద దెబ్బలు, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు, ఆయిల్ తడి చూడాలి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చడం మర్చిపోవద్దు.

8. ధర

అమ్మేవాడు ఇలా మొదలుపెడతాడు: "స్టాక్ బండి (ఏ మార్పూ చేయనిది) ఆరు లక్షలు, నేను దీని మీద రెండున్నర పెట్టాను, ఏడున్నరకు ఇస్తా." మీ లెక్క ఆరు దగ్గరే మొదలవ్వాలి. ఆయన ఖర్చు ఆయన సంతోషం కోసం పెట్టుకున్నది. ఆరులోంచి స్ప్రింగులు, సైలెన్సర్ తిరిగి పెట్టించే ఖర్చు, టైర్లు, క్లచ్, కావాల్సిన పన్ను, టోయింగ్ తీసేయండి. మంచి బ్రాండ్ బ్రేకులు, బిల్లున్న కొత్త టైర్లు లాంటివాటికి కొంత కలపొచ్చు. వచ్చిన అంకె నాలుగున్నర అయితే అంతకే అడగండి. ఆయన ఒప్పుకోకపోతే అదే మోడల్ స్టాక్ బండి కోసం ఆగడం మంచిది. రీమ్యాప్ అంత కావాలనుకుంటే తర్వాత మీరే, ఏం చేయిస్తున్నారో తెలిసి చేయించుకోవచ్చు.

9. డబ్బు, ట్రాన్స్‌ఫర్

డీలర్ దగ్గర కొంటే ఆర్‌టీఓ ఇచ్చిన అధికార పత్రం అడగండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు అది ఉండాలి. ఎవరి దగ్గర కొన్నా యజమాని పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయ్యాకే పెద్ద మొత్తం, అదీ బ్యాంకు ద్వారా ఇవ్వండి. కొంత మొత్తం ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చే దాకా ఆపి ఉంచుతామని ముందే ఒప్పుకోండి. అమ్మేవాడు నసిగితే ఒక్క మాట చెప్పండి: ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి రేపు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆయన మీదికే వస్తుంది. సాధారణంగా ఆ తర్వాత సంతకాలకు ఆయనే తొందరపడతాడు.

బండి మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి మీ పేరు మార్చమని రాయండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి. బండి మీద మిగిలి ఉన్న మార్పులన్నీ అదే ఉత్తరంలో వివరంగా రాసి, అందినట్టు జవాబు తీసుకుని దాచుకోండి. చెప్పకుండా దాచిన రీమ్యాప్, ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు సర్వేకు వచ్చిన రోజున బయటపడితే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అదే కారణంగా దొరుకుతుంది. తీసేసిన కంపెనీ సామాన్లు బండి తెచ్చుకునే రోజే డిక్కీలో వేసుకుని రండి. తర్వాత పంపిస్తామన్న సైలెన్సర్ కోసం మళ్లీ ఆ ఊరు తిరగాల్సిన పని ఉండదు.